నిలకడ లేని బుర్రతో నిలదొక్కుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

నాకు ఏడీహెచ్‌డీ ఉందని 36వ ఏట తెలిసింది. ధ్యాస, నిలకడ మన అదుపులో ఉండని తీరు అది. అంతకు ముందే ఆరేళ్ళుగా యాంగ్జైటీ, మధ్యలో రెండుసార్లు డిప్రెషన్. ఇప్పుడు 41. హైదరాబాద్‌లో ఒక చిన్న కంపెనీలో అకౌంట్స్ చూస్తాను. బంధువులు, ఆఫీసువాళ్ళు, మా అబ్బాయి స్కూలు గేటు దగ్గర కలిసే తల్లులు ఇన్నేళ్ళుగా అడిగినవే అడుగుతున్నారు. అన్నీ ఒకచోట రాసి పెడితే పోతుందనిపించింది. నేను డాక్టర్ని కాను. మీకున్నది ఏమిటో తేల్చడం, మందు రాయడం వాళ్ళ పని. ఇక్కడ ఉన్నది నేను పడ్డదీ, చదివి తెలుసుకున్నదీ.

ఏడీహెచ్‌డీ చిన్నపిల్లలకు కదా ఉండేది?

చిన్నప్పుడే మొదలవుతుంది. పెద్దయ్యాక చాలామందిలో పోదు, రూపం మారుతుంది. పరుగులు, గెంతులు తగ్గి లోపల గోల మిగులుతుంది. డాక్టర్లు వాడే డీఎస్ఎమ్-5 అనే ప్రామాణిక గ్రంథం 2013లో వచ్చింది. దాని అంచనా ప్రకారం ఇది పిల్లల్లో సుమారు 5 శాతం, పెద్దల్లో సుమారు 2.5 శాతం మందికి ఉంటుంది. లక్షణాలు 12 ఏళ్ళలోపే కనిపించి ఉండాలన్నది అందులో ఒక షరతు. అందుకే డాక్టరు గారు పాత ప్రోగ్రెస్ కార్డులు తెమ్మంటారు. మా అమ్మ ట్రంకుపెట్టెలోంచి నావి తీసిచ్చింది. నాలుగో తరగతి నుంచి పదో తరగతి దాకా వేర్వేరు టీచర్లు, వేర్వేరు చేతిరాతలు, మాట మాత్రం ఒక్కటే: 'తెలివైనదే, నిలకడ లేదు.'

దీన్ని ధ్యాస లేకపోవడం అంటారు కానీ నాకు ఆ మాట సరిపోదు. బ్యాంకు స్టేట్‌మెంటులో 11 రూపాయల తేడా పట్టుకోవడానికి నాలుగు గంటలు కదలకుండా కూర్చోగలను. పొయ్యి మీద పాలు పెట్టిన సంగతి నాలుగు నిమిషాలు గుర్తుండదు. ధ్యాస ఉంది, పగ్గం నా చేతిలో లేదు.

ఆటిజం, డిస్లెక్సియా (చదవడం, రాయడం కష్టమయ్యేది), ఏడీహెచ్‌డీ లాంటివి ఉన్నవాళ్ళందరినీ కలిపి న్యూరోడైవర్జెంట్ అంటున్నారు. అది జబ్బు పేరు కాదు, మెదడు నడిచే తీరు వేరని చెప్పే మాట. ఒకటి ఉన్నవాళ్ళకు ఇంకొకటి కూడా ఉండొచ్చు.

ఇన్నేళ్ళు బాగానే నెట్టుకొచ్చారు కదా, ఇప్పుడెందుకు బయటపడింది?

నెట్టుకొచ్చింది నేను కాదు, నా భయం. ఇది అర్థం కావడానికి నాకు చాలా కాలం పట్టింది. బుర్రకు గుర్తుపెట్టుకోవడం చేతకాక ఆ పని టెన్షన్ చేసేది. కరెంటు బిల్లు కట్టామా, గ్యాస్ కట్టేశామా, మెయిల్‌కు జవాబిచ్చామా అని రాత్రి రెండింటికి లేపి అడిగేది. యాంగ్జైటీకి మందు వేసుకున్న రెండు నెలలకు గుండెదడ తగ్గింది, నిద్ర పట్టింది. ఆ నెలలోనే స్కూలు ఫీజు గడువు దాటింది, జీఎస్టీ రిటర్ను ఆలస్యమైంది, స్కూటీ తాళం రెండుసార్లు పోయింది. భయం సెలవు పెట్టేసరికి కిందున్న అసలు సంగతి కనిపించింది. అదే సమయంలో మా అబ్బాయిని చూపించడానికి వెళ్తే డాక్టరు గారు ఒక ఫారం ఇచ్చి నింపమన్నారు. సగం నింపాక, ఇది వాడి గురించా నా గురించా అని అనుమానమొచ్చింది.

తట్టుకునే శక్తి పెంచుకోవాలి అంటారు. అంటే మనసు గట్టిగా చేసుకోవడమేనా?

'మనసు గట్టిచేసుకో' అన్న మాట నా మీద ఎప్పుడూ పనిచేయలేదు. ఎలా గట్టి చేసుకోవాలో చెప్పినవాళ్ళూ లేరు.

హవాయి దీవుల్లో కావాయ్ అనే చోట 1955లో పుట్టిన దాదాపు 700 మంది పిల్లల్ని ఎమ్మీ వెర్నర్ అనే మనస్తత్వవేత్త, ఆమె సహచరులు దశాబ్దాల పాటు గమనించారు. పేదరికం, తాగుడు, ఇంట్లో మానసిక జబ్బులు, గొడవలు, ఇలా అన్ని కష్టాల మధ్య పెరిగిన పిల్లల్లో మూడోవంతు మంది చక్కగా నిలదొక్కుకున్నారు. వాళ్ళు ఉక్కుమనుషులేం కారు. వాళ్ళ చరిత్రల్లో మళ్ళీ మళ్ళీ కనిపించిన విషయం ఒకటుంది. తల్లిదండ్రులకు చేతకాకపోతే అమ్మమ్మో, టీచరో, ఎవరో ఒక పెద్ద మనిషి వాళ్ళను పట్టించుకున్నారు.

అందుకే నా లెక్కలో తట్టుకోవడం అంటే ఏర్పాటు. ఒంట్లో, మనసులో ఓపిక ఉన్న రోజున, ఓపిక లేని రోజు కోసం చేసి పెట్టుకునే ఏర్పాటు. అందులో మనుషులూ ఉంటారు, వస్తువులూ ఉంటాయి.

అలాంటి ఏర్పాట్లు ఏమిటో చెప్పగలరా?

చూడ్డానికి చాలా చిల్లరగా ఉంటాయి. కుక్కర్ విజిల్స్ లెక్క నాకు ఎప్పుడూ తప్పుతుంది. పొయ్యి పక్కన మూత లేని చిన్న గిన్నెలో నాలుగు చింతగింజలు ఉంటాయి. విజిల్ వచ్చినప్పుడల్లా ఒకటి తీసి గట్టు మీద పెడతాను. పప్పుకు మూడు, శనగలకు నాలుగు. మా అత్తయ్య మొదట్లో వామనగుంటలు ఆడుతున్నావా అని నవ్వారు. ఇప్పుడు ఆవిడే వాడుతున్నారు.

వీధి తలుపు పక్కన ఒక స్టీలు పళ్ళెం. తాళాలు, ఐడీ కార్డు, ఆ రోజు మాత్ర అందులోనే. బీరువా సొరుగులో పెడితే నా వరకు ఆ వస్తువు లోకంలో లేనట్టే. కంటికి కనపడాలి. ఇల్లు నీటుగా లేదని వచ్చినవాళ్ళు అనుకుంటారు. అనుకోనీ.

ఇక డబ్బు. ఆలస్యం ఫీజులు, పోయిన గొడుగులు, రెండోసారి కొన్న ఛార్జర్లు, వీటన్నిటికీ మా ఇంటి బడ్జెట్‌లో 'మతిమరుపు పద్దు' అని ఒకటి రాశాను. నెలకు 500. ముందు ప్రతి ఫైనుకీ ఒక రోజంతా నన్ను నేను తిట్టుకునేదాన్ని. ఇప్పుడు ఆ పద్దులో రాసి ముందుకు పోతాను. ఏడాది చివర మిగిలితే ఐస్‌క్రీమ్. ఇప్పటికి ఒక్కసారే మిగిలింది.

పనిచేయనివి కూడా చెప్పాలి. ప్రతి ఉగాదికీ ఒక కొత్త డైరీ కొన్నాను. ఆరు డైరీల్లో మూడేసి పేజీలు నిండి ఉన్నాయి. ఆరంభశూరత్వం అని మనవాళ్ళు ఊరికే అనలేదు! రోజూ గుర్తుపెట్టుకుని చేయాల్సిన ఏ పద్ధతీ, గుర్తుపెట్టుకోలేని మనిషికి పనికిరాదు. ఆటోపే, అలారం, కళ్ళెదుట వస్తువు, పక్కన కూర్చునే మనిషి, ఇవే నాకు పనికొచ్చాయి.

చెడ్డ రోజు వస్తే ఏం చేస్తారు?

బీరువా తలుపు లోపలి వైపు ఒక కాగితం అంటించి ఉంటుంది. మంచి రోజున రాశాను కాబట్టి అక్షరాలు గుండ్రంగా ఉంటాయి. అందులో ఉన్నవి ఇవి: మాత్ర వేసుకో. పెరుగన్నం చాలు, వంట అక్కర్లేదు. స్నానం చేయలేకపోతే మొహం కడుక్కో. ఏ నిర్ణయమూ తీసుకోకు, ముఖ్యంగా రాజీనామా మెయిల్ రాయకు. నా స్నేహితురాలికి ఒక చుక్క పంపు.

చుక్క అంటే నిజంగా ఫుల్‌స్టాపే. వాట్సాప్‌లో ఒక చుక్క పంపితే 'ఈ రోజు బాగాలేను, మాట్లాడలేను, ఉన్నాను' అని అర్థం. తను కారణం అడగదు. సాయంత్రం ఫోన్ చేసి వాళ్ళ అపార్ట్‌మెంట్ అసోసియేషన్ గొడవలు చెబుతుంది, నేను వింటాను. ఈ ఒప్పందం మేం ఒక మంచి రోజున టీ తాగుతూ చేసుకున్నాం. మునిగిపోతున్నప్పుడు ఎవరిని పిలవాలో ఆలోచించే ఓపిక ఉండదు, ముందే తేల్చుకోవాలి.

ఇలాంటి కాగితానికి చట్టంలో కూడా చోటుంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం, రేపు నాకు నిర్ణయం తీసుకునే స్థితి లేకపోతే ఏ చికిత్స కావాలో, ఏది వద్దో, నా తరఫున ఎవరు మాట్లాడాలో ముందుగా రాసి పెట్టుకోవచ్చు. ఆ పేరు భర్తదో తండ్రిదో కావాలని లేదు. తీవ్రమైన జబ్బుతో ఆసుపత్రిలో చేరాల్సి వచ్చే అవకాశం ఉన్నవాళ్ళు దీని గురించి తప్పకుండా డాక్టరుతో మాట్లాడాలి.

చచ్చిపోవాలనిపిస్తోంది. ఎవరికి చెప్పాలి?

ఇప్పుడే, ఈ పేజీ పక్కన పెట్టి, 14416కి ఫోన్ చేయండి. అది టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య సహాయ లైను. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టింది. 24 గంటలూ ఉంటుంది, ఉచితం, తెలుగులో మాట్లాడవచ్చు. ప్రాణాపాయం దగ్గరలో ఉంటే 112. అమెరికాలో ఉన్నవాళ్ళు 988కి చేయాలి. ఇంట్లో ఒక మనిషిని పక్కన కూర్చోమనండి. 'నన్ను ఒంటరిగా వదలకు' అంటే చాలు, కారణాలు తర్వాత చెప్పుకోవచ్చు.

పోలీసు కేసు అవుతుందేమోనని చాలామంది ఆసుపత్రికి వెళ్ళడానికి భయపడతారు. 2017 చట్టంలోని 115వ సెక్షన్ ప్రకారం, ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించకూడదు. చికిత్స అందించే బాధ్యత ప్రభుత్వానిది.

ఇంట్లోవాళ్ళకు ఒక మాట. అలా చెప్పిన మనిషిని 'అలాంటి మాటలు అనకు' అని ఆపకండి. కూర్చుని వినండి. మందులు, ఇతర ప్రమాదకరమైన వస్తువులు చేతికి అందకుండా పెట్టండి.

సైకియాట్రిస్టా, సైకాలజిస్టా?

సైకియాట్రిస్టు ఎంబీబీఎస్ తర్వాత మానసిక వైద్యం చదివిన డాక్టరు, మందులు రాస్తారు. క్లినికల్ సైకాలజిస్టు పరీక్షలు, థెరపీ చేస్తారు, మందులు రాయరు. వాళ్ళకు రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉండాలి, నంబరు అడగడం తప్పు కాదు. థైరాయిడ్, రక్తహీనత, బీ12 లోపం, నిద్ర సమస్యలు కూడా ఇలాంటి లక్షణాలే చూపించవచ్చు. అందుకని ముందు రక్తపరీక్షలు రాస్తే విసుక్కోకండి.

నేను మొదట కలిసిన డాక్టరు అయిదు నిమిషాల్లో తేల్చేశారు: 'ఇంత చదువుకున్నారు, ఉద్యోగం చేస్తున్నారు, మీకేం ఏడీహెచ్‌డీ అమ్మా?' బయటికొచ్చి పార్కింగ్‌లో ఏడ్చాను. ఎనిమిది నెలల తర్వాత ఇంకొకరి దగ్గరికి వెళ్ళాను. ఆ ఎనిమిది నెలలు దండగ. మీకు అలా జరిగితే అన్నాళ్ళు ఆగకండి.

డబ్బు కష్టమైతే ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆసుపత్రుల్లో సైకియాట్రీ ఓపీ ఉంటుంది. హైదరాబాద్‌లో ఎర్రగడ్డ, విశాఖలో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉన్నాయి. ఎర్రగడ్డ పేరు చెప్పి నవ్వుకుంటూ పెరిగినవాళ్ళమే మనమంతా. మా పిన్ని కూతురికి తోడుగా ఒకసారి వెళ్ళాను. ఓపీ క్యూలో అందరూ ప్లాస్టిక్ కవర్లో పాత చీటీలు పెట్టుకుని నిలబడ్డారు. నా ముందు ఒక ఆటో డ్రైవరు, నా వెనక కాలేజీ అమ్మాయి, వాళ్ళ నాన్న. ఏ ఆసుపత్రి క్యూ అయినా అలాగే ఉంటుంది.

మందులు మొదలుపెడితే జీవితాంతం వాడాలా? అలవాటైపోతాయా?

అన్నీ ఒకటే గాటన కట్టడం వల్ల వచ్చే భయం ఇది. డిప్రెషన్, యాంగ్జైటీలకు సాధారణంగా ముందు రాసే ఎస్ఎస్ఆర్ఐ మందులు మత్తుమందులు కావు. పని చూపించడానికి రెండు నుంచి ఆరు వారాలు పడుతుంది. మొదటి వారంలో వికారం, కడుపులో ఇబ్బంది ఉండొచ్చు. సరిగ్గా అప్పుడే చాలామంది 'పడలేదు' అని మానేస్తారు. బాగున్నాం కదా అని ఒక్కసారిగా ఆపితే తలతిరగడం, చిరాకు రావచ్చు. ఆపాలంటే డాక్టరు మెల్లగా తగ్గిస్తారు. నిద్రకో గాభరాకో ఇచ్చే బెంజోడయాజిపైన్ మాత్రలు వేరు. వాటికి అలవాటు పడే ప్రమాదం నిజంగానే ఉంది. పాత చీటీ పట్టుకుని కొనుక్కుని వేసుకోకూడదు.

ఏడీహెచ్‌డీకి ఇచ్చే మిథైల్‌ఫెనిడేట్ గంటలోపే పని మొదలుపెడుతుంది, సాయంత్రానికి దిగిపోతుంది. ఆకలి, నిద్ర తగ్గొచ్చు, బీపీ చూసుకోవాలి. దుర్వినియోగం అయ్యే అవకాశం ఉంది కాబట్టి కట్టుదిట్టమైన నిబంధనలున్నాయి, ప్రతి మందుల షాపులోనూ దొరకదు. అటామోక్సెటిన్ అనే ఇంకో మందు ఆ రకం కాదు, కానీ ఫలితానికి వారాలు పడుతుంది. మందు వేసుకున్న మొదటి రోజు నేనేమీ మహాకార్యాలు చేయలేదు. ఉతికిన బట్టలు మడతపెట్టి, మడతపెట్టినవి బీరువాలో పెట్టాను. మా ఆయన వచ్చి చూసి, 'ఎవరొచ్చారు ఇవాళ?' అని అడిగారు.

యోగా, పూజ, ధ్యానం చేస్తే సరిపోదా?

చేయండి, మంచిదే. నడక నాకు నిజంగా సాయపడుతుంది. కానీ మందు మానేసి చేయమని చెప్పే వాళ్ళ మాట వినకండి. ఇక ధ్యానం అంటారా, కళ్ళు మూసుకున్న మూడో నిమిషంలో నేను ఇంటి ఫర్నిచర్ మొత్తం మార్చేస్తాను. పూలు కట్టడం మాత్రం వచ్చు. చేతులు కదులుతుంటే బుర్ర కుదురుగా ఉంటుంది.

ఇంట్లో నమ్మరు. 'అందరికీ ఉంటుంది ఇది' అంటారు. ఎలా చెప్పాలి?

పేరు చెప్పి నమ్మించాలనుకుంటే వాదన అవుతుంది. మా అమ్మకు ఏడీహెచ్‌డీ అని చెబితే, 'మా కాలంలో ఇవన్నీ లేవే, పనిలో పడితే అవే పోయేవి' అంది. కొన్నాళ్ళు మాటలు కూడా తగ్గాయి. తర్వాత ఒక రోజు ఫోన్లో, 'అమ్మా, నువ్వు ఒక పని చెప్పేటప్పుడు మధ్యలో ఇంకో పని చెప్పకు, మొదటిది పోతుంది. రెండూ మెసేజ్ పెట్టు' అన్నాను. అది చేసింది. ఇప్పుడు మావాళ్ళకు 'దానికి మెసేజ్ పెట్టాలే, ఫోన్లో చెబితే ఆగదు' అని తనే చెబుతోంది. జబ్బు పేరు ఇప్పటికీ పలకదు. నాకు అక్కర్లేదు కూడా.

ఒకసారి అమ్మే, 'ఇది మా నాన్న పోలికే' అని నవ్వింది. ఏడీహెచ్‌డీ కుటుంబాల్లో ఎక్కువగా వచ్చేదే. తాతయ్య మూడు ఊళ్ళలో నాలుగు వ్యాపారాలు పెట్టాడు. ఒక్కటీ రెండేళ్ళు నడవలేదు.

ఆఫీసులో చెప్పవచ్చా?

నేను అందరికీ చెప్పలేదు, మేనేజరుకు చెప్పాను. అదీ జబ్బుగా కాక, అవసరంగా: నోటిమాటగా చెప్పిన పని ఒక లైను మెయిల్ పెట్టండి, నెలాఖరు క్లోజింగ్ రోజుల్లో మూలన ఉన్న టేబుల్ ఇవ్వండి. రెండూ దొరికాయి. అందరికీ దొరకవని తెలుసు. మీ బాస్ ఎలాంటి మనిషో మీకే తెలుసు.

చట్టం సంగతి: 2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 రకాల్లో ఆటిజం, స్పెసిఫిక్ లెర్నింగ్ డిజెబిలిటీస్ (డిస్లెక్సియా లాంటివి), మానసిక జబ్బు ఉన్నాయి. ఏడీహెచ్‌డీ విడిగా లేదు. ఇది పెద్ద లోటే. ప్రైవేటు సంస్థలు కూడా సమాన అవకాశాల విధానం ప్రకటించాలని ఆ చట్టం చెబుతోంది. మీ కంపెనీది అడిగి చదవండి.

పెళ్ళి సంబంధాల్లో చెప్పాలా?

చెప్పాలి, నిశ్చితార్థానికి ముందే, అబ్బాయీ అమ్మాయీ నేరుగా. మధ్యవర్తుల చేత చెప్పిస్తే 'కొంచెం టెన్షన్ మనిషి' అయి చేరుతుంది. దాచి చేస్తే మందులు కూడా దాచాలి. దాచిన మందు రెండు రోజులు వేసుకుంటారు, మూడో రోజు మానేస్తారు. అలా మానేసి మళ్ళీ జబ్బుపడ్డ వాళ్ళను ఇద్దరిని చూశాను. సంబంధం తప్పిపోతుందేమో అంటే, తప్పిపోవచ్చు.

పిల్లలకు పరీక్షల్లో ఏమైనా వెసులుబాటు ఉందా?

డిస్లెక్సియా లాంటివి, ఆటిజం చట్టంలో ఉన్నాయి కాబట్టి సర్టిఫికెట్ ఉంటే దారులున్నాయి. కేంద్రం మార్గదర్శకాల ప్రకారం రాత పరీక్షల్లో గంటకు 20 నిమిషాలు అదనపు సమయం, అవసరమైతే రాసిపెట్టే మనిషి. మన దగ్గర సదరం అనే వైకల్య ధ్రువీకరణ సర్టిఫికెట్‌గా తెలిసినదీ, దేశమంతటికీ వర్తించే యూడీఐడీ అనే వికలాంగుల గుర్తింపు కార్డూ ఇందుకు పనికొస్తాయి. ఆటిజం ఉన్నవాళ్ళకు నేషనల్ ట్రస్ట్ అనే కేంద్ర సంస్థ ఇచ్చే నిరామయ ఆరోగ్య బీమా లక్ష రూపాయల వరకు ఉంది. ఇంటర్ పరీక్షల ఏడాదిలో పరుగెత్తకండి, తొమ్మిదో తరగతిలోనే కాగితాలు మొదలుపెట్టండి.

కార్పొరేట్ హాస్టళ్ళ గురించి ఒక మాట. విశాఖలో నీట్‌కు చదువుతున్న ఒక విద్యార్థిని మరణం కేసులో 2025 జులైలో సుప్రీంకోర్టు మార్గదర్శకాలిచ్చింది. 100 మంది, అంతకు మించి విద్యార్థులున్న సంస్థల్లో శిక్షణ పొందిన కౌన్సెలరో సైకాలజిస్టో ఉండాలంది. అడ్మిషన్ రోజున ఏసీ గదులు చూపిస్తారు కదా, ఆ కౌన్సెలర్ గది కూడా చూపించమనండి.

ఇన్సూరెన్స్ వస్తుందా?

ఒంటి జబ్బులతో సమానంగా మానసిక జబ్బులకూ బీమా ఇవ్వాలని 2017 చట్టమే చెప్పింది. కానీ చాలా పాలసీలు ఆసుపత్రిలో చేరితేనే ఇస్తాయి. థెరపీ ఫీజు, ఓపీ, నెలనెలా మందులు మన జేబులోంచే. పాత జబ్బు దాచి పాలసీ తీసుకోకండి, క్లెయిమ్ అప్పుడు అదే సాకు అవుతుంది.

గల్ఫ్‌కో అమెరికాకో వెళ్తున్నాం. మందులు తీసుకెళ్ళవచ్చా?

మిథైల్‌ఫెనిడేట్, నిద్రమాత్రల్లాంటివి చాలా దేశాల్లో నియంత్రిత జాబితాలో ఉంటాయి. యూఏఈకి ముందస్తు అనుమతి కావాలి. టికెట్ కొన్న రోజే ఆ దేశ ఆరోగ్యశాఖ నిబంధనలు చూడండి. చీటీ, డాక్టరు లేఖ, మందు అసలు డబ్బా చేతి సంచిలో ఉంచుకోండి. పచ్చళ్ళతో కలిపి లగేజీలో వేయకండి.

మీకిప్పుడు పూర్తిగా తగ్గిపోయిందా?

ఏడీహెచ్‌డీ పోయేది కాదు. డిప్రెషన్ రెండేళ్ళుగా రాలేదు, వస్తే గుర్తుపట్టగలను. నా విషయంలో మొదటి గుర్తు ఏడుపు కాదు, టీ వేడి తగ్గేదాకా తాగకుండా వదిలేయడం. మా ఆయనకు కూడా తెలుసు. కప్పు చూసి, 'డాక్టరు అపాయింట్‌మెంట్ తీసుకోనా?' అంటారు.

మొన్న శనివారం పప్పుకు కుక్కర్ పెట్టి గిన్నె చూస్తే రెండే చింతగింజలున్నాయి. మిగతావి మా అబ్బాయి ఆటకు పట్టుకుపోయాడు. లక్షణంగా అయిదు విజిల్స్ వచ్చాయి. పప్పు పాయసంలా అయింది. ఇంకాస్త నీళ్ళు, చింతపండు, కరివేపాకు తాలింపు వేసి చారు అన్నాను. ఎవరూ అడగలేదు.